అనంతగిరికి సైకిళ్లతో వెళ్లే ముందు

బిడ్డా,

దసరా అయ్యాక వచ్చే శనివారం ఆఫీసు స్నేహితులతో కలిసి మౌంటెన్ బైకుల మీద వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు తిరిగి రావాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "నువ్వైనా వద్దని చెప్పన్నా" అన్నాడు. నేను చెప్పను. మంచి టైమే చూసుకున్నారు. వానలు తగ్గాయి, మట్టి గట్టిపడింది, ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు.

కాకపోతే నీకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్ అలవాటు. ఆ 23 కిలోమీటర్లు బాగా తొక్కేస్తున్నావట, సంతోషం. అక్కడ అలిసిపోతే ఆగి టీ తాగొచ్చు. అడవిలో మాత్రం అలిసిపోయాకే అసలు పని మొదలవుతుంది. పొద్దున ఎక్కుతాం, మధ్యాహ్నం దిగుతాం. పడేది ఎక్కువగా దిగేటప్పుడే. అందుకని మధ్యాహ్నానికి కూడా చేతుల్లో పట్టు, బుర్రలో చురుకుదనం మిగిలేలా పొద్దున నెమ్మదిగా తొక్కండి. నేను చెప్పాలనుకున్నది ఇదే, కింద రాసినవన్నీ దీనికోసమే.

దూరం పెద్దగా పెట్టుకోకండి. రోడ్డు మీద గంటకు 20 పైన పోయేవాళ్లు కూడా అలాంటి దారుల్లో 8, 10 దాటరు. మొదటిసారికి 20 కిలోమీటర్లు చాలు. నగరం నుంచి వికారాబాద్ సుమారు 75 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరి చేవెళ్ల మర్రిచెట్లు దాటేసరికి తెల్లారుతుంది. ఏడింటికల్లా పెడల్ మీద కాలు పడాలి, నాలుగింటికల్లా కారు దగ్గరికి వచ్చెయ్యాలి. అక్టోబరు చివర్లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే మసకబారుతుంది.

దారి సంగతి. ఎవరో ఫోన్లో పంపిన పాత మ్యాప్ పట్టుకుని వెళ్లకండి. అది రిజర్వు ఫారెస్టు. ఏ దారిలో పోనిస్తారో, ఎక్కడ అనుమతి కావాలో ముందే అటవీ శాఖ వాళ్లను కనుక్కోండి. దామగుండం వైపు దారులు కూడా ఆ మ్యాపుల్లో కనబడతాయి. 2024 అక్టోబరులో అక్కడ అందరూ రాడార్ అనే నేవీ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, దానికి దాదాపు 2,900 ఎకరాల అడవి ఇచ్చారు. ఆ చెట్ల కింద తొక్కినవాళ్లం బాధపడ్డాం, అది వేరే ముచ్చట. మీరు మాత్రం అటు వెళ్లకండి.

బండి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. ట్రాక్ మీద తొక్కినట్టు టైర్లను రాయిలా గట్టిగా కొట్టించకు. గాలి ఎక్కువైతే టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, నేలను పట్టుకోదు. నీ బరువుకి, ట్యూబ్ ఉన్న వెడల్పు టైరైతే 28 నుంచి 30 పీఎస్ఐ సరిపోతుంది. అంతకన్నా బాగా తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పంక్చరవుతుంది. మామూలు పంక్చర్లకు మన అడవిలో పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఉండనే ఉన్నాయి. మనిషికి రెండు ట్యూబులు, గుంపుకి ఒక మంచి పంపు. ట్యూబ్ మార్చేటప్పుడు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడిమి, ముల్లు తీశాకే కొత్తది వెయ్యి. లేకపోతే ఆ ముల్లే రెండోదాన్నీ తింటుంది. చైన్ లింకు, అలెన్ కీలు, నీ బండికి సరిపోయే డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) కూడా పెట్టుకో. వెనక గేరు రాయికి తగిలితే ముందు వంగేది ఆ చిన్న ముక్కే. ఒక మోడల్‌ది ఇంకోదానికి సాధారణంగా సరిపోదు. నువ్వు తీసుకెళ్లకపోతే వికారాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కేటప్పుడు పోటీలు వద్దు. మీ గుంపులో జిమ్ బాగా చేసే కుర్రాడు ఒకడు ముందు దూసుకుపోతాడు. పోనీ. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత ఊపిరి ఉండేలా తొక్కు. చడావు మొదలవకముందే చిన్న గేరుకి మార్చుకో. బరువు పడ్డాక మారిస్తే చైన్ కటకటలాడుతుంది, ఒక్కోసారి తెగుతుంది. మరీ నిటారుగా ఉన్నచోట దిగి తోసుకుంటూ నడువు, అందులో నామోషీ ఏమీ లేదు. వానాకాలం అయిపోయాక దారికి అడ్డంగా పెద్ద పెద్ద సాలెగూళ్లు ఉంటాయి. అవన్నీ ముందు వెళ్లేవాడి మొహానికే తగులుతాయి, కళ్లజోడు పెట్టుకోమను. ఆ కుర్రాణ్ణి ముందు పోనివ్వమన్నది ఇందుక్కూడా.

ఇక దిగడం. అక్కడి నేల ఎర్ర మొరం. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కానీ పైన గుండ్రటి గులకలుంటాయి. వాటి మీద బ్రేకు గట్టిగా పడితే నున్నటి అరుగు మీద చల్లిన జొన్నల మీద కాలేసినట్టే. కాబట్టి మలుపు రాకముందే, బండి నిలువుగా ఉన్నప్పుడే స్పీడు తగ్గించుకో. మలుపులోకి వెళ్లాక, ముఖ్యంగా ముందు బ్రేకు, వీలైనంత వదిలెయ్. రెండు బ్రేకులూ కలిపి, ఒక్కో వేలితో, మెత్తగా వాడాలి. భయపడి వెనకదొక్కటే నొక్కితే చక్రం లాకై పక్కకు ఈడుస్తుంది. ఏ చెయ్యిది ముందు బ్రేకో ఇంటి దగ్గరే చూసుకోండి. మన దగ్గర చాలా బండ్లకు కుడిచేయిది ముందుది, కొన్నిటికి ఎడమచేయిది. అద్దె బండి తెచ్చుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

సీటు రెండు మూడు అంగుళాలు కిందికి దించు. పెడళ్లు రెండూ నేలకు సమానంగా పెట్టి, వాటి మీద నిలబడు. మోకాళ్లు, మోచేతులు వంచి వదులుగా ఉంచు. చూపు ముందు చక్రం మీద కాదు, దారి ఎటు పోతుందో అటు ఉండాలి. రాయిని చూస్తూ పోతే ఆ రాయి మీదికే పోతావు. టేకు ఆకులు మందంగా పరుచుకున్నచోట కింద రాయి ఉందో, గుంత ఉందో తెలీదు, అక్కడ నిదానం.

పొడుగాటి దిగుడులో బ్రేకు పట్టుకునే కూర్చోకు. 1976లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లతో టామల్పైస్ కొండ దగ్గర పందేలు పెట్టుకున్నారు, ఈ మౌంటెన్ బైకింగ్ ఆట ఊపందుకుంది అక్కడే. ఆ సైకిళ్లకు వెనక కోస్టర్ బ్రేకే, అంటే పెడల్ వెనక్కి తొక్కితే పడేదే, దిక్కు. ఒక్కసారి కిందికి దిగేసరికి చక్రం మధ్యలోని హబ్‌లో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్లీ కొత్త గ్రీజు నింపితే గానీ ఇంకోసారి దిగలేకపోయేవారు. మన డిస్కులు వాటికన్నా ఎంతో నయం, అయినా వేడెక్కుతాయి. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కు. మధ్యలో ఆగి వేళ్లు చాపుకో. ఆగినప్పుడు డిస్కు వేడి తగ్గిందా అని ముట్టుకుని చూడకు, బొబ్బ లేస్తుంది.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పల్లీపట్టీ, ఖర్జూరం జేబులో పెట్టుకుని ఆకలి వేయకముందే కొంచెం కొంచెం తింటూ ఉండు. కడుపు నిండా బిర్యానీ మాత్రం తిరిగొచ్చాకే. గుడి దగ్గర అరటిపళ్లు చేత్తో పట్టుకుని నిలబడకు, కోతులు లాక్కుంటాయి. సెంటు కొట్టుకుని రావద్దు, తేనెపట్టు కనబడితే కేకలు వద్దు. వాగు దాటాల్సి వస్తే దిగి నడిపించు, రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి. మనం నగరంలో ముక్కు మూసుకుని దాటే మూసీ ఈ కొండల్లోనే పుడుతుంది. అక్కడ నీళ్లు చూస్తే నువ్వే నమ్మవు.

ఈ రోజుల్లో సీతాఫలాలు కోసుకునేవాళ్లు, మేకలు కాసేవాళ్లు అడవిలో తిరుగుతుంటారు. మనం సరదాకి వెళ్తాం, వాళ్లకది బతుకుదెరువు. నెత్తి మీద గంప ఉన్న మనిషి ఎదురైతే బండి ఆపి దారివ్వు. మేకల మందలోకి గంట కొడుతూ దూరకు, కాపరిని పలకరించు. ముందు దారి ఎలా ఉందో మీ మ్యాప్ కన్నా అతనే బాగా చెప్తాడు.

ఎవరైనా పడితే వెంటనే లేపి నిలబెట్టకండి. తల, మెడ నొప్పి ఉందేమో అడగండి. తలకి దెబ్బ తగిలినవాళ్లు బాగానే ఉందన్నా ఇక ఆ రోజు తొక్కకూడదు. లోయల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. 108కి ఫోన్ చేయాల్సొస్తే ఒకరు మనిషి దగ్గర ఉండి, ఇద్దరు కలిసి సిగ్నల్ ఉన్న గట్టు మీదికి వెళ్లండి.

హెల్మెట్ నీదుంది. వేళ్లు మొత్తం కప్పే గ్లౌజులు కొనుక్కో, సగం వేళ్లవి వద్దు. కారు వెనక బండ్లు తగిలించే రాక్ నా దగ్గర ఉంది. శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. పట్టీలు ఎలా బిగించాలో నేనే చూపిస్తా, కింది పట్టీ వదిలేస్తే చేవెళ్ల రోడ్డు గుంతల్లో బండి ఊగి డోరుకి సొట్టలు పడతాయి. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ పెద్దనాన్న