పడవ వచ్చేలోపు పక్కింటివారే
(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇళ్లు మునిగినప్పుడు, మా పొదుపు సంఘం ఆడవాళ్లం ఒక మేడ మీద రెండు పొయ్యిలు పెట్టి, నీరు తీసేదాకా మా వీధికి వండిపెట్టాము. బయటినుంచి వచ్చిన ఆహార పొట్లాలు చాలావరకు ఫ్లైఓవరు దగ్గరే అయిపోయేవి. మేము సేవాసంస్థగా రిజిస్టరు చేసుకుంటే మళ్లీ ఈ ఇబ్బంది రాదా? ఇప్పటినుంచే ఏమి సిద్ధం చేసుకోవాలి?
– ఒక పొదుపు సంఘం అధ్యక్షురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, రిజిస్ట్రేషన్ మాట తరువాత చూద్దాము. ఆ రోజుల్లో మీ వీధికి అందిన మొదటి సహాయం మీరు వండిన అన్నమే. మామూలుగా బుడమేరు వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర ఒక కాలువలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. సెప్టెంబరు 1న ఆ కాలువకు గండ్లు పడి ఊరి మీదికి నీరు వచ్చింది. మరునాటికి కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో, బ్యారేజీ చరిత్రలో ఎన్నడూ లేనంత ఉధృతంగా ప్రవహించింది. గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చి, సెప్టెంబరు 7 వరకు శ్రమించవలసి వచ్చింది. అంత పెద్ద ముంపులో పడవలూ డ్రోన్లూ ఎన్ని వచ్చినా లోపలి సందులన్నిటికీ వెంటనే చేరలేవు. పొట్లాలు ఫ్లైఓవరు దగ్గరే ఆగిపోయింది తెచ్చినవారికి దయ లేక కాదు. ఏ సందు ఎటు పోతుందో, ఏ మేడ మీద ఎందరు ఉన్నారో వారికి తెలియక. ఆ సంగతి మీకు తెలుసు. అది మీ మనసులోనే ఉండిపోకుండా కాగితం మీదికి రావాలి.

వీధిలోని ప్రతి ఇంటికీ ఒక వరుస రాయండి: ఎందరు ఉంటారు, కింది వాటానా పై వాటానా, సొంతమా అద్దెనా, మంచం దిగలేని పెద్దలు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవారు, ఇన్సులిన్ వాడేవారు ఉన్నారా అనేవి అందులో ఉండాలి. ఎవరి మేడ మీదికి అందరూ ఎక్కవచ్చు, మెట్ల తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి ఈత వచ్చు, ఎవరింట్లో అదనపు సిలిండరు ఉంటుంది అన్నవి మరో పుటలో రాయండి. ఇదంతా ఫోనులో దాచుకుంటే చాలదు. కరెంటు పోయిన రెండో రోజుకు ఫోన్లు ఎలా మూగబోయాయో మీరు చూశారు. మూడు ప్రతులు తీసి, మూడు మేడ ఇళ్లలో ఉంచండి. అద్దెకుండేవారు మారుతూ ఉంటారు కాబట్టి నెలనెలా పొదుపు సమావేశంలోనే దాన్ని సరిచూసుకోండి. రోగాల వివరాలు ఉన్న కాగితాన్ని మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రేషన్ కార్డు లేని వలస కూలీ, సంఘంలో చేరని ఇల్లు, వేరే కులం వాడ, వేరే పార్టీ జెండా కట్టిన గుమ్మం ఈ జాబితాలోంచి జారిపోతే, అది మన వీధి జాబితా కాదు, మన చుట్టాల జాబితా అవుతుంది. ఆకలితో ఉన్నవారిలో ఎవరు మనవారో వెతకడం కంటే పెద్ద తప్పు సహాయంలో లేదని నా నమ్మకం.

నీరు తీసిన తరువాత కూడా ఈ కాగితం అక్కరకు వస్తుంది. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించినప్పుడు, తాళం వేసి బంధువుల ఊళ్లకు వెళ్లినవారు, అద్దెకుండేవారు తమ పేర్లు నమోదు చేయించుకోవడానికి తిరగవలసి వచ్చింది. వీధివారు ముందే రాసుకున్న జాబితా ఉంటే లెక్కకు వచ్చినవారి పని కూడా సులువవుతుంది.

ఇక రిజిస్ట్రేషన్. బయటివారి విరాళాలు తీసుకోదలచుకుంటే అది అవసరం. రాష్ట్ర సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు కలిస్తే సంఘం పెట్టవచ్చు. ఆపై బ్యాంకు ఖాతా, ఏటా లెక్కల తనిఖీ తప్పవు. ఆ బరువు ఇప్పుడే వద్దనుకుంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద మీకున్న సమాఖ్య ద్వారానే పని చేయండి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. వానలకు ముందే, మే నెలలో, మీ వీధిలో వంట ఎక్కడ చేస్తారో, పడవ ఎక్కడికి రావాలో చూపే చిన్న పటాన్ని ఆ కార్యాలయానికీ వార్డు సచివాలయానికీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని విపత్తుల్లో సాయపడే స్వచ్ఛంద సేవకులకు ప్రభుత్వం ఇచ్చే ‘ఆపద మిత్ర’ శిక్షణకు పంపగలిగితే మరీ మంచిది.

ప్రశ్న: విపత్తుల్లో స్థానికులే ముందుండాలని అంతర్జాతీయ సంస్థలు అంటున్నాయి. ఆచరణలో అలా జరుగుతోందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

సమాధానం: మాట ఇచ్చారు గాని, నిలబెట్టుకోలేదు. 2016 మే నెలలో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో, 2020 నాటికి సహాయ నిధుల్లో నాలుగో వంతు వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకే అందాలని పెద్ద దాతలు ఒప్పుకున్నారు. ఆ గడువు దాటినా నేరుగా అందేది నూటికి కొద్ది పాళ్లే. మన దేశంలో 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించిన తరువాత, విదేశీ నిధి పొందిన పెద్ద సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. ఊళ్లో పనిచేసే చిన్న సంఘానికి ఆ దారి మూసుకుపోయినట్టే. దుర్వినియోగాన్ని అరికట్టాలన్న ఉద్దేశాన్ని కాదనలేము గాని, నష్టం మాత్రం లోపలి సందులవారికి జరిగింది.

అయినా స్థానికుల శక్తికి నిదర్శనాలు తక్కువేమీ లేవు. 1970 నాటి తుపానులో లక్షలాది ప్రాణాలు పోగొట్టుకున్న బంగ్లాదేశ్, 1972లో ఊరూరా స్వచ్ఛంద సేవకులను తయారుచేసే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు వారు 76,000 మందికి పైనే, అందులో సగం మంది స్త్రీలు. జెండాలతో, మైకులతో ఇంటింటికీ తిరిగి హెచ్చరించేది వీరే. 1977 నవంబరు 19న దివిసీమనూ రేపల్లె తీరాన్నీ ఉప్పెన ముంచిన రాత్రి మన ఊళ్లలోనూ అలాంటి గొంతులు ఉండి ఉంటే ఎందరు మిగిలేవారో కదా! సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పటినుంచి పేటల యువకులే వంటశాలలు నడుపుతున్నారు. విదేశీ సంస్థలు అడుగుపెట్టలేనిచోట కూడా వాటి పొయ్యి వెలిగింది.

ప్రశ్న: మా కాలనీలో వరద బాధితుల కోసం పాత బట్టలు మూటలు కట్టి ఉంచాము. ఎక్కడికి పంపాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: దయచేసి పంపకండి. ఎవరికి ఏది సరిపోతుందో ఏరిపెట్టే పని మునిగిన ఇంటివారి మీదే పడుతుంది. చివరకు ఆ గుట్టలు తడిసి రోడ్డు పక్కన కుళ్లిపోతాయి. ముంపు ప్రాంతంలోని ఒక సంఘానికి ముందు ఫోను చేసి ఏమి కావాలో అడగండి. నీరు తీసిన వారంలో సాధారణంగా కావలసినవి బకెట్లు, బ్లీచింగ్ పౌడరు, చాపలు, దోమతెరలు, పిల్లల పుస్తకాలు, చెడిపోయిన కుట్టుమిషన్ల మరమ్మతుకు డబ్బు. ఏదీ తోచకపోతే డబ్బే పంపండి. ఏమి కొనాలో వారు నిర్ణయించుకుంటారు.