గోదావరి డెల్టాలో నీటి పొదుపు పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు?

ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వమే ఇస్తుంది. రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో వ్యవసాయంతో పాటు వ్యవసాయ విద్య, పరిశోధన కూడా ఉన్నాయి కాబట్టి, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, దాని కింద నడిచే మార్టేరు వరి పరిశోధన స్థానానికి బడ్జెట్ గ్రాంటు అక్కడి నుంచే వస్తుంది. అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాల్లో మాత్రం 75 శాతం భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్), 25 శాతం రాష్ట్రం భరిస్తాయి.

ప్రైవేటు కంపెనీలు ఎందుకు ముందుకు రావు? విత్తనమైతే అమ్ముకోవచ్చు. నీరు ఎప్పుడు పెట్టాలన్న జ్ఞానాన్ని ప్యాకెట్లో కట్టి అమ్మలేరు. ఉదాహరణకు ఆరుతడి పద్ధతి: చేలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేల పైభాగం నుంచి 15 సెంటీమీటర్లు దిగాకే మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు నిలపాల్సిందే. సరిగ్గా పాటిస్తే దిగుబడి తగ్గకుండానే నీరు బాగా ఆదా అవుతుంది.

"గోదావరి పక్కనే ఉంటే నీటి పొదుపు దేనికి?" అనేది చాలామంది పొరపాటు. నదిలో నీరు ఎక్కువగా వచ్చేది వరదల నెలల్లో, అంటే సార్వా (ఖరీఫ్) పంటకి. ధవళేశ్వరం బ్యారేజీ నీటిని కాలువలకు మళ్లిస్తుందే తప్ప పెద్దగా నిల్వ చేయలేదు. దాళ్వా (రబీ) పంటకి ఎక్కువగా ఎగువన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడాలి. అది తగ్గిన ఏడు వంతులవారీ విధానం పెడతారు, ముందుగా ఎండేవి కాలువ శివారు చేలే. ఈ పరిశోధన అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆ శివారు రైతులకే.