సిలబస్ తర్వాత, ముందు ఒక థర్మామీటర్ కొనండి

మీ బాబుకి 13 ఏళ్ళు, స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నారు, తొమ్మిది పది తరగతుల సైన్స్‌కి ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్ళకుండా పరీక్ష రాయించే జాతీయ ఓపెన్ స్కూల్) పుస్తకాలు మేలా, ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్ఈ బడుల్లో వాడే కేంద్ర ప్రభుత్వ పుస్తకాలు) మేలా, కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈకి (పదో తరగతి స్థాయి బ్రిటిష్ పరీక్ష) వెళ్ళాలా అని అడిగారు. మా అమ్మాయిని ఏడో తరగతి తర్వాత ఇంట్లోనే చదివించాం, ఇక్కడే హైదరాబాద్‌లో. కిందటేడు పది పూర్తయింది. కాబట్టి ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు.

నా జవాబు ఒక్క ముక్కలో: పరీక్ష ఎన్‌ఐఓఎస్‌లో రాయించండి, చదువు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంతో చెప్పండి, సిలబస్ కొనడానికి పక్కన పెట్టుకున్న డబ్బుతో వస్తువులు కొనండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో అర్థం కావాలంటే మా వంటింట్లో జరిగిన సంగతి చెప్పాలి.

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్స్‌లో మేం చదివిన మొదటి పాఠం పదార్థం గురించి. అందులో ఒక కృత్యం ఉంది. ఐసు ముక్కలు బీకరులో వేసి, థర్మామీటర్ పెట్టి, అవి కరిగి నీళ్ళై మరిగేదాకా ఉష్ణోగ్రత రాసుకోవాలి. మాకు బీకరు లేదు, స్టీలు గిన్నె పెట్టాం. గిన్నె మీద గరిటె అడ్డంగా పెట్టి, దానికి దారంతో థర్మామీటర్ వేలాడదీశాం, అడుగుకి తగలకుండా. అమ్మాయి స్టూలు మీద నిలబడి నిమిషానికోసారి చూసి లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తోంది. నీళ్ళు కుతకుతా మరుగుతున్నాయి. థర్మామీటర్ 98 దగ్గర ఆగిపోయింది. మంట పెంచాం. 98. ఇంకో ఐదు నిమిషాలు ఆగాం. అయినా 98.

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని. నీళ్ళు 100 దగ్గర మరుగుతాయని నాకు ఎప్పట్నుంచో తెలుసు. "సరిగ్గా చూడు, కన్ను సమానంగా పెట్టు" అని కసిరాను. మళ్ళీ 98 అంది. అయితే థర్మామీటర్ పాడైంది అన్నాను. మర్నాడు కోఠీ వెళ్ళి, ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో ఇంకోటి తెచ్చాను. రెండూ ఒకే గిన్నెలో పక్కపక్కన వేలాడదీశాం. రెండూ 98 చూపించాయి.

అప్పుడు అమ్మాయి అడిగింది: "అమ్మా, రెండూ ఒకేలా ఎలా పాడవుతాయి?"

నా దగ్గర జవాబు లేదు. అదే వెళ్ళి పాఠం మళ్ళీ చదివింది. మరిగే ఉష్ణోగ్రత గురించి చెప్పే వాక్యంలో "వాతావరణ పీడనం వద్ద" అనే మాట ఉంది. ఇద్దరం ఆ మాట మీదుగా చదువుకుంటూ వెళ్ళిపోయాం తప్ప ఆగలేదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్ళేకొద్దీ మన మీద ఉండే గాలి బరువు తగ్గుతుంది, దాంతో నీళ్ళు కొంచెం ముందే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. లెక్క వేసుకుంటే దాదాపు 98 దగ్గర తేలింది. థర్మామీటర్ బాగానే ఉంది, తప్పు నాది.

అంతటితో వదిలేస్తుందనుకున్నాను. సంక్రాంతికి బందరు వెళ్తుంటే బట్టల మధ్య తువ్వాల్లో చుట్టి థర్మామీటర్ పెట్టుకుంది, ఆ గిన్నె కూడా. బందరంటే సముద్రం పక్కనే. భోగి మర్నాడు పొద్దున్నే అత్తయ్యగారు పొంగలికి ఎసరు పెడుతుంటే పక్క పొయ్యి మీద ఇది గిన్నె పెట్టింది. "పండక్కి వచ్చి ఉత్త నీళ్ళు కాస్తావేంటే?" అని ఆవిడ అడుగుతున్నారు, ఇది పలకట్లేదు. 97, 98 దాటింది, 99 దాటింది, 100 మీద ఆగింది. ఆ కేక పెరట్లోకి వినబడింది. నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఉంది, ఒక మూల పసుపు మరకతో: ఎడమ పక్కన "హైదరాబాద్ 98", కుడి పక్కన "బందరు 100", కింద పెద్ద అక్షరాలతో "అదే థర్మామీటర్, అదే గిన్నె".

కథ అక్కడితో ఆగలేదు. అత్తయ్యగారు ఎప్పుడూ అనేమాట ఒకటుంది, "మీ హైదరాబాద్ నీళ్ళకి పప్పు ఉడకదు" అని. ఆ రోజు కూడా అన్నారు. ఎత్తు వల్ల ఉడకట్లేదా, నీళ్ళ వల్లా అని దీనికి అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చాక రెండు చిన్న గిన్నెల్లో సమానంగా కొలిచి కందిపప్పు పోసింది. ఒకదాంట్లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్ళు. మంట ఒకటే, ఇల్లు ఒకటే, కాబట్టి ఎత్తు కూడా ఒకటే. ఐదు నిమిషాలకోసారి ఒక్కో బద్ద తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఫిల్టర్ నీళ్ళ పప్పు మెత్తగా నలిగిపోయే వేళకి బోరు నీళ్ళది ఇంకా పలుకుగానే ఉంది. కఠిన జలంలో ఉండే కాల్షియం పప్పు కణాల గోడల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టుకుని గట్టిపరుస్తుంది, అందుకే త్వరగా మెత్తబడదు. ఆ రెండు గిన్నెల నీళ్ళతోనే సబ్బు నురగ కూడా పరీక్షించింది. ఏడాది తర్వాత పదో తరగతిలో సబ్బులు, కఠిన జలం పాఠం వచ్చినప్పుడు నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఈ మొత్తంలో ఏ సిలబస్ పని చేసింది? చవగ్గా దొరికే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఒక్క కృత్యం. అంతే. ఆ పుస్తకంలో కృత్యాలు బోలెడు. బడుల్లో ఎక్కువ మంది వాటిని చదివేస్తారు, చేయరు. ఇంట్లో చదువుకునే పిల్లలకి ఉన్న పెద్ద ఆస్తి టైమే కదా. ఒక కృత్యానికి మూడు రోజులు పట్టినా అడిగేవాళ్ళు లేరు.

మేం కూడా మొదట్లో విదేశీ సైన్స్ కిట్ ఒకటి తెప్పించి డబ్బు పోగొట్టుకున్నాం. రంగురంగుల పుస్తకం, వీడియోలు, ఒక పెట్టె. కస్టమ్స్‌తో కలిపి 11 వేలు దాటింది. అందులో ఉండాల్సిన రసాయనాల్లో సగం రాలేదు, వచ్చినవన్నీ ముందే కొలిచి పెట్టిన పొట్లాలు. పొట్లం చింపి పోశాం, రంగు మారింది, అయిపోయింది. పిల్ల ఆలోచించాల్సిన పని ఒక్కటీ మిగల్చలేదు. సైన్స్ అంటే పొట్లాలు కాదండీ, 98 వచ్చినప్పుడు ఏం చేస్తామన్నదే సైన్స్.

నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 30కి 29 వచ్చాయి. మా కాలేజీలో రెండేళ్ళలో ల్యాబ్‌కి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రికార్డు మాత్రం అట్ట వేసి, బొమ్మలు గీసి, సీనియర్ల రికార్డులోంచి రీడింగులతో సహా దించాం. అందరికీ ఒకే జవాబు, పుస్తకంలో ఉన్న జవాబు. ఎవరికైనా వేరే విలువ వస్తే సార్ ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. మరుగుతున్న నీళ్ళలో థర్మామీటర్ పెట్టి చూడకుండానే నేను ఫిజిక్స్‌లో డిగ్రీ తెచ్చుకున్నాను. నా కూతురికి అలా జరగకూడదని నాకు చాలా పట్టుదల. మీ బాబుకి కూడా జరగకూడదు.

బోర్డుల సంగతికి వస్తే, ఎన్‌ఐఓఎస్ గురించి బంధువులు మిమ్మల్ని భయపెడతారు. భయపడకండి. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1979లో సీబీఎస్ఈ కిందే ఓపెన్ స్కూల్‌గా మొదలై 1989లో వేరే సంస్థ అయింది. పదికి చేరాలంటే 14 ఏళ్ళు నిండాలి, కాబట్టి మీకింకా టైముంది. ఐదు సబ్జెక్టులు చాలు, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి, రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు పనిచేస్తుంది. తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయకూడదని 2018లో ఒక నిబంధన పెడితే, ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఆ ఐదు సబ్జెక్టుల్లో సైన్స్ తప్పనిసరి కాదు. ప్రాక్టికల్స్ తలనొప్పి ఎందుకని కొందరు తల్లిదండ్రులు సైన్స్ వదిలేసి తేలిక సబ్జెక్టులు పెట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 14 ఏళ్ళ పిల్లవాడి తరఫున మనం ఒక తలుపు మూసేయడం అది. సైన్స్ అండ్ టెక్నాలజీ, కోడ్ 212, తీసుకోండి. ఎన్‌ఐఓఎస్ పుస్తకం సొంతంగా చదువుకునేవాళ్ళ కోసం రాసింది, మధ్యమధ్యలో ప్రశ్నలుంటాయి, పరీక్ష ముందు నాలుగు నెలలు దాంతో చదివిస్తే సరిపోతుంది.

అయితే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం పాతది సంపాదించండి. 2023లో సిలబస్ తగ్గించినప్పుడు ఆవర్తన పట్టిక పాఠం, జీవ పరిణామం భాగం పదిలోంచి తీసేశారు. పెద్ద తరగతుల్లో ఉన్నాయి కదా అన్నారు. ఇంటర్‌లో కామర్స్ తీసుకునే పిల్లలు ఇక ఎప్పుడు చదువుతారు? ఆవర్తన పట్టిక లేకుండా కెమిస్ట్రీ చెప్పడం గుణింతాలు లేకుండా తెలుగు చెప్పినట్టు. మేం సెకండ్ హ్యాండ్‌లో పాత పుస్తకం కొని ఆ రెండూ చదివించాం.

ఐజీసీఎస్‌ఈ చెడ్డదని అనను. పుస్తకాలు బాగుంటాయి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడిగా లోతుగా ఉంటాయి. విదేశాల్లో డిగ్రీ చదివించే ఆలోచన గట్టిగా ఉంటే, ఫీజులు భరించగలిగితే తీసుకోండి. బయటి నుంచి రాసే పిల్లలు ఎక్కువగా ల్యాబ్ పరీక్షకి బదులు పేపర్ 6 రాస్తారు. ప్రాక్టికల్‌కి ప్రత్యామ్నాయంగా గంటసేపు రాసే పేపర్ అది, 40 మార్కులు. ప్రాక్టికల్ చేయకుండా ప్రాక్టికల్ మార్కులు ఇవ్వడం నాకు మనసుకి ఎక్కదు. ఆ ప్రశ్నలు చూస్తే మాత్రం, మిగతావాటితో కలవని రీడింగ్ ఏది, ఎందుకు వచ్చి ఉంటుంది అనే అడుగుతారు. ఇంట్లో నిజంగా చేసినవాళ్ళకే అవి తేలిక.

ఇంకో ఒత్తిడి మీ మీదకి తప్పకుండా వస్తుంది. ఐఐటీ ఫౌండేషన్. మన రెండు రాష్ట్రాల్లో ఆరో తరగతి నుంచే మొదలుపెడుతున్నారు. మా ఆడపడుచుగారి అబ్బాయి ఎనిమిదిలోనే పదకొండో తరగతి లెక్కలు గబగబా చేసేస్తాడు. వాడు మా ఇంటికొచ్చినప్పుడు మా అమ్మాయి ఈ 98 సంగతి చెప్తే, "ఆప్షన్స్‌లో 100 ఉంటే 100 పెట్టాలి అక్కా" అన్నాడు. పిల్లవాడి తప్పేం లేదు, తెలివైనవాడు. వాడికి గిన్నె పెట్టి చూసే టైము ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం రోజూ చేసిందేంటని అడుగుతారేమో. వారానికి నాలుగు రోజులు గంట చొప్పున పాఠం, ఒకరోజు పూర్తిగా కృత్యం. లాంగ్ నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి, కొట్టివేతలు ఉండనివ్వాలి, వైట్‌నర్ నిషేధం. తప్పు రీడింగ్ కూడా తేదీతో సహా ఉండాలి. కరెంటు పాఠాలకి, ఇంట్లో చేయలేని వాటికి ఫెట్ సిమ్యులేషన్లు (కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు) వాడాం, కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఉచితంగా పెట్టినవి. సూక్ష్మదర్శినికి ఫోల్డ్‌స్కోప్ కొన్నాం, కాగితంతో మడిచేది, ఉల్లిపొర కణాలు దాంట్లో బాగా కనిపిస్తాయి.

థర్మామీటర్ కొనేటప్పుడు లోపల ఎర్రటి ద్రవం ఉన్న ఆల్కహాల్‌ది తీసుకోండి, 110 డిగ్రీల దాకా ఉండాలి. పాదరసం ఉన్నది వద్దు, వంటింట్లో పగిలితే ప్రమాదం. జ్వరం చూసేది అసలు పనికిరాదు, 42 దాటదు. రెండు కొనండి. ఒకటే ఉంటే, అది పాడైందని మీరు కూడా అనేస్తారు.