కొడుకు చెక్క పడవలు చేసుడు నేర్చుకుంటా అంటుండు, పంపాల్నా?

మంచిర్యాల నుంచి ఒక తండ్రి అడిగిండు: "సార్, మా వోడు ఇంటర్ పాసైండు. ఇంజనీరింగ్ వద్దు, చెక్క పడవలు చేసుడు నేర్చుకుంటా అంటుండు. మా ఇంట్ల ఎవ్వరికీ రంపం పట్టుడు గూడ రాదు. ఏం చెయ్యాలె?"

అన్నా, ముందుగాల వాని మీద కోపం చెయ్యకుండ్రి. 2025 మే నెలల మన నేవీ కౌండిన్య అనే ఓడను తీసుకున్నది గదా, ఇంజన్ లేదు, పలకల్ని మేకులతోని కాకుండ కొబ్బరి పీచు తాళ్లతోని కుట్టిన్రు, కేరళ మేస్త్రీలు చేసిన్రు దాన్ని. అంటే ఈ విద్య తెలిసినోళ్లకు ఇప్పటికీ విలువ ఉన్నది. కానీ సంపాదన సంగతి దాచకుండ చెప్తా, చేపల పడవలు చానా మట్టుకు ఫైబర్‌కు మారినయి, కట్టె పని తగ్గింది, అందుకే ఒక్క పడవల మీదనే బతుకు పెట్టొద్దు.

నా మాటైతే, ముందు కట్టె తర్వాత నీళ్లు. ఐటీఐల కార్పెంటర్ ట్రేడ్ (ఇప్పుడు వుడ్ వర్క్ టెక్నీషియన్ అంటున్నరు) ఒక్క ఏడాదే, ఎనిమిది పాసైతే చాలు, మీ దగ్గర్ల ఏ ఐటీఐల ఉన్నదో కనుక్కోండ్రి. అది చేసుకుంటనే సెలవులల్ల మీ ఊరి వడ్లాయన దగ్గర కూసోబెట్టుండ్రి. బాడిస పట్టుడు, ఉలి నూరుడు, చిత్రిక పట్టుడు, ఏ కట్టె ఎండితే ఎటు వంగుతదో చూసుడు, ఇవి చేతికి రావాలె. పడవల అసలు కష్టం ఏందంటే తిన్నగ ఉండే జాగనే ఉండదు, ప్రతి పలకను తడిపి సెగ చూపించి మెల్లగ వంచాలె, పలకకు పలకకు నడుమ సందు మూసెయ్యాలె, వెంట్రుకంత సందున్నా నీళ్లొస్తయి. బల్ల చేసినోనికి ఆ భయం ఉండదు.

ఆర్నెల్లైనంక గూడ పొద్దుగాల లేచి పనికి వాడే పోతున్నడంటే, అప్పుడు చెక్క పడవలు చేసే కాకినాడ దగ్గరి తాళ్లరేవుకు తీస్కపోండ్రి, పక్కనే కోరంగి, ఎన్కట పెద్ద పెద్ద ఓడలు కట్టిన రేవు అది. ఇంకా పెద్ద పని చూడాల్నంటే కేరళల బేపూర్, అక్కడ ఉరు అనే ఓడల్ని కాయితం మీద గీసుకోకుండనే కడ్తరు. ఏ మేస్త్రి గూడ కొత్తోనికి మొదటి దినమే పలక ఇయ్యడు, మోసుడు ఊడ్చుడే ఉంటది, అది వానికి ముందే చెప్పుండ్రి.

లెక్కలు బాగొస్తే ఇంకో తొవ్వ ఉన్నది, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీల, కొచ్చి కుసాట్ యూనివర్సిటీల నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్ ఉన్నది. కానీ అది ఓడల డిజైన్ చదువు, చేతి పని కాదు, వానికి ఏది కావాల్నో ముందు వాణ్నే అడుగుండ్రి.

తాళ్లరేవుకు పోయినప్పుడు వాణ్ని ఒక్కణ్నే పంపకుండ్రి అన్నా, మీరు గూడ పోండ్రి, ఒక దినమంతా ఉండి ఆ పని కండ్లార చూడుండ్రి.