స్వాహిలి చదువుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. టాంజానియాలోని దారెస్సలాంలో ఉద్యోగం చేస్తున్న వాళ్ల మేనమామ ఇంట్లో ఒక వేసవి గడిపి వచ్చినప్పటి నుంచి స్వాహిలి ధ్యాసే. ఆఫ్రికా భాషల వ్యాకరణం మీద, అక్కడి జనం వాటిని వాడే తీరు మీద పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచర్ ఉద్యోగం చూసుకోమంటే వినడం లేదు. ఈ చదువుతో బతకగలదా?

జవాబు: బతకగలదండీ, కాకపోతే ఒక షరతు. ఆమె పట్టా మీద భాషాశాస్త్రం (లింగ్విస్టిక్స్) అని ఉండాలి. ఆఫ్రికా భాషలు ఆ చదువులో ఆమె ఎంచుకునే పరిశోధనాంశం కావాలి. స్వాహిలి ఒక్కటే బోధించే అధ్యాపక ఉద్యోగాలు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. భాషాశాస్త్రం చదివినవారికి అంతకంటే ఎక్కువ దారులున్నాయి.

ఆ దారుల గురించి చెప్పేముందు, అమ్మాయి మనసు అక్కడ ఎందుకు చిక్కుకుందో మీరు కూడా చూడాలి. మనం ‘ఇద్దరు మనుషులు’ అంటాం, ‘రెండు పుస్తకాలు’ అంటాం. మనుషులను ఒక రకంగా, మిగతావాటిని ఇంకో రకంగా లెక్కపెడతాం. స్వాహిలిలో ఇద్దరు మనుషులు ‘వాతు వావిలి’, రెండు పుస్తకాలు ‘వితాబు వివిలి’, రెండు చెట్లు ‘మితి మివిలి’. రెండుకు మూలరూపం ‘విలి’. పేరు ముందు ఏ అక్షరం ఉంటే అదే వచ్చి సంఖ్య ముందు కూర్చుంటుంది. మనం రెండు అరల్లో సర్దుకున్నదాన్ని వాళ్లు చాలా అరల్లో సర్దుకున్నారు. వీటినే నామవర్గాలు అంటారు.

ఉర్దూ విన్న తెలంగాణ చెవికి ‘కితాబు’ కొత్త మాట కాదు. అరబ్బీ నుంచి అది స్వాహిలిలోకీ వెళ్లింది. అరబ్బీలో ఆ ‘కి’ మాటలో విడదీయరాని భాగం. స్వాహిలిలో మాత్రం చాలా వస్తువుల పేర్లు ఏకవచనంలో ‘కి’తో, బహువచనంలో ‘వి’తో మొదలవుతాయి: కుర్చీ ‘కితి’, కుర్చీలు ‘వితి’. అందుకని పుస్తకాలు ‘వితాబు’ అయ్యాయి. మనం బస్సుకు ‘లు’ తగిలించి బస్సులు అనుకున్నట్టే, వాళ్లు వచ్చిన మాటను తమ ఇంటి పద్ధతికి తిప్పుకున్నారు. ఇలాంటిది ఒక్కటి కంటపడితే మళ్లీ మళ్లీ వెతకాలనిపిస్తుంది. మీ అమ్మాయికి పట్టుకున్నది అదే.

వాడుక సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. టాంజానియాలో చిన్నవాళ్లు పెద్దవాళ్లను ‘షికమో’ అని పలకరిస్తారు, పెద్దలు ‘మరహబా’ అంటారు. ‘మీ పాదాలు పట్టుకుంటున్నాను’ అన్న మాటలోంచి షికమో వచ్చిందని చెబుతారు. దక్షిణాఫ్రికాలో జులూ, ఖోసా జాతుల కోడళ్లకు ‘హ్లోనిఫా’ అనే ఆచారం ఉంది. మామగారి పేరు పలకకపోవడమే కాదు, ఆ పేరులోని అక్షరాలున్న మామూలు మాటలను కూడా వదిలేసి, వాటికి బదులు వేరే మాటలు వాడతారు. భర్త పేరు నోట పలకని అమ్మమ్మలను చూసిన తెలుగు పిల్లకు దీని లోతు ఇట్టే అందుతుంది. ఈ పనిలో అది పెద్ద పెట్టుబడి.

తెలుగుకు అక్కడ సొంత కథ కూడా ఉంది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా మనవాళ్లు దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు కూలీలుగా వెళ్లారు. వారి వారసుల ఇళ్లలో తరాలు గడిచేకొద్దీ తెలుగు తగ్గి ఇంగ్లిష్ వచ్చింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజేంద్ మెస్త్రీ దక్షిణాఫ్రికాలోని భారతీయ భాషల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆ ప్రాంతంలోని డర్బన్ నగరపు తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ మిగిలిన మాటలేమిటి, వాటిలో జులూ నుంచి చేరినవేమిటి అన్నది తెలుగు తెలిసిన పరిశోధకురాలికి మంచి అంశం.

ఇప్పుడు చదువు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మూడూ భాషాశాస్త్రం బోధిస్తాయి, మూడూ మీకు అందుబాటులోనే ఉన్నాయి. ఉస్మానియాలో ఆ శాఖకు పునాది వేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి వ్యవసాయ పదకోశం తెచ్చారు. ఆఫ్రికాలో చేయబోయే పని కూడా ఆ పద్ధతిదే కాబట్టి, ముందు ఇక్కడ తెలుగు మీద చెయ్యి తిరగాలి. స్వాహిలిని ఒక గురువు దగ్గర క్రమంగా నేర్చుకోవాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ స్టడీస్ విభాగం ఉంది.

ఎంఏ అయ్యాక అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయాలి, అందులో భాషాశాస్త్రం ప్రత్యేక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. విదేశాల్లో ఈ రంగానికి లండన్‌లోని సోయాస్, నెదర్లాండ్స్‌లోని లైడెన్, జర్మనీలోని కొలోన్, బైరోయిట్ విశ్వవిద్యాలయాలు పేరున్నవి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను: లండన్‌లో ఏడాది ఎంఏ కోసం ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయకండి. ఎంఏ ఇక్కడే చేయించండి. ఆ తర్వాత జీతమో స్కాలర్‌షిప్పో ఇచ్చే పీహెచ్‌డీ దొరికితేనే పంపండి, దొరకడానికి రెండేళ్లు పట్టినా సరే. టాంజానియాలో పరిశోధనకు అక్కడి సైన్స్, టెక్నాలజీ కమిషన్ అనుమతి కావాలి, దానికి కూడా సమయం ఉంచుకోవాలి.

ఉద్యోగాల మాటకొస్తే అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఇది దాచను. కానీ కంప్యూటర్‌కు భాషలు నేర్పే పనిలో మాటలను రాసి, విడదీసి, గుర్తులు పెట్టగలవారు కావాలి. మసఖానే అనే పరిశోధకుల బృందం ఆఫ్రికా భాషల కోసం ఆ పనే చేస్తోంది. అక్కడ నేర్చిన నైపుణ్యం తెలుగుకు, గోండికి కూడా అక్కరకొస్తుంది. అందుకే ఎంఏలో ఉండగానే పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. బీఈడీ ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాతైనా చేయవచ్చు.

చివరగా ఒక పరీక్ష, మీ ఇంట్లోనే పెట్టండి. నాయనమ్మ మాటలు పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసి, ఆమె పలికింది పలికినట్టు, మధ్యలో ఆగిన చోట్లతో సహా అమ్మాయిని రాయమనండి. ఒక పూటంతా పడుతుంది. ఈ రంగంలో ఏళ్ల తరబడి చేసే పని ఎక్కువగా ఇదే. అది పూర్తయ్యాక ఆ కాగితాలతో సహా ఈసారి అమ్మాయినే నాకు ఉత్తరం రాయమని చెప్పండి.