వేల్స్ ఊళ్లలో కనిపించే డ్రిల్ హాల్ ఒకప్పుడు ఆర్మీ క్యాంపా?

దీపావళికి బుక్ చేసిన హాలు పేరు డ్రిల్ హాల్ అని ఉంది, అక్కడ సైన్యం ఉండేదా అని అడిగారు. సైనికులు కాపురమున్న బ్యారక్స్ కాదండీ అది. పగలంతా గనిలోనో కొట్లోనో పనిచేసుకునే ఆ ఊరి కుర్రాళ్లు సాయంత్రం పూట వచ్చి కవాతు నేర్చుకున్న చోటు.

నేను మొదట చూసింది చెప్‌స్టోలో, లోయర్ చర్చ్ స్ట్రీట్‌లో ఉన్నది. వెళ్లింది సినిమాకి. పేరేంటి ఇలా ఉందని వెతకడం మొదలుపెట్టాక వేరే ఊళ్లవీ చదువుతూ పోయాను.

1859లో ఫ్రాన్స్ దండెత్తి వస్తుందన్న భయంతో బ్రిటన్ అంతటా వాలంటీర్ దళాలు పుట్టాయి. సర్కారు డబ్బు చాలక చాలా హాళ్లు చందాలతోనే లేచాయి. వేల్స్ వానల్లో బయట కవాతు ఎన్నాళ్లు సాగుతుంది? అందుకే మధ్యలో స్తంభాలు లేని పెద్ద హాలు, పక్కన తుపాకులకు తాళం గది, కొన్నిచోట్ల సార్జెంటు ఉండటానికి ఇల్లు. ఖాళీ రోజుల్లో డాన్సులకీ కచేరీలకీ అద్దెకిచ్చేవాళ్లు. మీ దీపావళి ఆ గోడలకు కొత్తేం కాదు!

1908లో వాలంటీర్లే టెరిటోరియల్ ఫోర్స్ అయ్యారు. పని స్వదేశ రక్షణే, విదేశానికి పంపాలంటే వాళ్ల అంగీకారం కావాలి. అయినా 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, వేల్స్‌లోని బ్రెకన్‌కు చెందిన బ్రెక్‌నాక్‌షైర్ బెటాలియన్ ఓడెక్కి ఏడెన్ (ఇప్పటి యెమెన్‌లోని రేవు) వెళ్లింది. 1915 జులైలో అక్కడి లహజ్ ఊరి వైపు నడిచేటప్పుడు ఎండదెబ్బకే చాలామంది కూలిపోయారు. ఆ తర్వాత వాళ్లను పంపింది మన దేశానికే, ఇండోర్ దగ్గరి మౌకి. అంబేద్కర్ పుట్టిన ఊరే. యుద్ధం ముగిసేదాకా ఇండియాలోనే ఉన్నారు. ఫ్రాన్స్ కందకాల కథలే విన్న నాకు ఇది మాత్రం భలే ఆశ్చర్యం.

ఆ టెరిటోరియల్ ఫోర్సే తర్వాత టెరిటోరియల్ ఆర్మీ అయింది. 1967లో దాన్ని బాగా కుదించేసరికి చాలా హాళ్లతో పని లేకపోయింది. కొన్ని కూల్చేశారు, కొన్ని ఊరి చేతికొచ్చాయి.

మీ హాలు సంగతి కావాలంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ వాళ్ల పాత పత్రికల సైట్ చూడండి. 1919 దాకా ఉచితం. ఊరి పేరుతో కలిపి వెతికితే ముందుగా తగిలేవి చందాల వార్తలూ డాన్సుల ప్రకటనలే, విసుక్కోకండి. తలుపు పక్కన శంకుస్థాపన రాయి ఉంటే ఇంకా సులువు, దాని మీది తేదీ పట్టుకుని ఆ వారం పత్రిక తెరవండి.