కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.. జబ్బు ముదిరిందా?

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. రెండేళ్ల కిందట స్కిజోఫ్రేనియా అన్నారు. ఓలాంజపిన్‌తో చెవిలో మాటలు వినపడటం తగ్గింది గానీ, ఏడాదిలో 61 కిలోల నుంచి 78కి వచ్చాడు. అందుకని రెండు నెలల కిందట రిస్పెరిడోన్‌కు మార్చారు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. ఒక్కచోట కూర్చోడు. అన్నం తింటూ నాలుగుసార్లు లేచి హాల్లో తిరుగుతాడు. జబ్బు ముదిరిందేమోనని టెన్షన్‌గా ఉంది. మా ఆడపడుచు మందులన్నీ ఆపేయమంటోంది. ఏం చేయమంటారు? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఒక్క మాట. మందులు మీ అంతట మీరు ఆపకండి. అలాగని ఈ తిరుగుడును చూస్తూ ఊరుకోకండి కూడా. మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బు ముదరడం కంటే మందు ప్రభావంలాగే కనిపిస్తోంది. కొత్త మందు మొదలయ్యాకే వచ్చింది కదా. దీన్ని మేం అకథీసియా అంటాం. కాలు కాలిన పిల్లి అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

తేడా తెలుసుకోవాలంటే అబ్బాయినే నెమ్మదిగా అడగండి, 'ఎందుకు నాన్నా తిరుగుతున్నావు?' అని. 'ఎవరో తిరగమంటున్నారు' అంటే అది జబ్బు వైపు చూపిస్తుంది. 'కాళ్లలో ఏదో లాగుతోంది, కూర్చుంటే ప్రాణం కుదుటపడటం లేదు, తిరిగితేనే కాస్త నయం' అంటే మందు వైపు. ఇది పొరబడటానికి చాలా వీలున్న చోటు. అలజడి చూసి జబ్బు ఎక్కువైందనుకుని డోసు పెంచితే, తిరుగుడు ఇంకా ఎక్కువవుతుంది. ఈ బాధ పడలేక బతకాలని లేదనే వాళ్లూ ఉంటారు. అలాంటి మాట వినపడితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎందుకిలా అంటే, ఈ మందులు మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. లేని మాటలు వినపడటం, అనుమానాలు తగ్గేది అందుకే. కానీ మన కదలికలను నడిపేదీ ఆ డోపమినే. అందుకే చేతుల వణుకు, చేతులు ఊపకుండా బిగుసుకుని నడవడం, ముఖంలో కళ తగ్గడం, కొందరికి చొంగ కారడం. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్‌లతో ఇవి ఎక్కువ. ఓలాంజపిన్‌తో తక్కువే, కాకపోతే అది ఆకలిని రేపుతుంది.

దీనికి దారి ఉంది. డాక్టర్ డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, లేదా ప్రొప్రనలాల్ అనే మాత్ర జత చేయవచ్చు. ఆస్తమా ఉంటే మాత్రం ముందే చెప్పాలి. ఈ మందులు వాడేవాళ్ల ఇళ్లలో తరచూ ఉండే ప్యాసిటేన్ మాత్ర వణుకుకు, బిగుతుకు పనిచేస్తుంది గానీ ఈ కాలు నిలవనితనానికి అంతగా పనిచేయదు. పైగా నోరు ఎండిపోతుంది, ఆ దాహానికి కూల్‌డ్రింకులు తాగడం మొదలవుతుంది, దాంతో బరువు. కాబట్టి పక్కింటివాళ్లు చెప్పారని కొని వేయకండి.

ఇక బరువు సంగతి. మందు మార్చినంత మాత్రాన పెరిగిన 17 కిలోలు వాటంతటవే దిగవు. 'తిని పడుకుంటాడు' అని అబ్బాయిని తిట్టకండి. రాత్రి పదకొండింటికి గిన్నెలో మిగిలిన అన్నం వెతుక్కునేది మందు పుట్టించిన ఆకలి. మిక్స్చర్, బిస్కెట్లు ఇంట్లో లేకుండా చూడండి. ఆ వేళకు మజ్జిగో, కీరా ముక్కలో అందుబాటులో పెట్టండి. మధ్యాహ్నం అన్నం కంటే కూర, పప్పు ఎక్కువ వడ్డించండి. షుగర్ లేకపోయినా బరువు కోసం మెట్‌ఫార్మిన్ ఇచ్చే పద్ధతి ఉంది, అడగండి.

పరగడుపున షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, బీపీ ఇప్పుడు చూపించండి. మందు మారాక మూడో నెలలో మళ్లీ, తర్వాత ఏడాదికోసారి. ఇంట్లో టైలర్ టేపుతో నడుము కొలవండి. మన దేశపు మగవాళ్లలో అది 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఏళ్ల తరబడి వాడేవాళ్లలో నోరు నములుతున్నట్టు ఆడటం, నాలుక మెలితిరగడం మొదలైతే అది వేరే సమస్య. మందు ఆపినా పోకపోవచ్చు. తొలిరోజుల్లోనే చెప్పాలి. ఎక్కువ జ్వరంతో ఒళ్లు కర్రలా బిగుసుకుని, మాట తడబడితే మాత్రం గంట కూడా ఆగవద్దు, ఎమర్జెన్సీకి వెళ్లాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు అబ్బాయికి చెప్పి, అతను కూర్చున్నప్పుడు, నడుస్తున్నప్పుడు ఫోన్‌లో నిమిషం వీడియో తీయండి. డాక్టర్ ఎదుట ఐదు నిమిషాలు బిగబట్టి కూర్చుంటే అసలు సంగతి బయటపడదు. ఇంకొకటి, అక్కడ అతణ్ని కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా వదలండి. రిస్పెరిడోన్‌తో కొందరు మగవాళ్లకు రొమ్ము పెరగడం, లైంగిక ఇబ్బందులు వస్తాయి. అమ్మ ముందు ఏ కొడుకూ ఆ మాట ఎత్తడు. అపాయింట్‌మెంట్ దొరకడం ఆలస్యమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.